విలనెస్ మాంగా ఒకటి చదివితే అన్నీ చదివినట్టే అనేవాళ్ళకి

మాంగా అంటే జపాన్ బొమ్మల కథల పుస్తకాలు, అనిమే అంటే జపాన్ కార్టూన్ సిరీస్‌లు, విలనెస్ అంటే కథలో హీరోయిన్‌కి అడ్డుపడే చెడ్డ పిల్ల. వీటి మీద ఈ మధ్య ఒక మాట తెగ తిరుగుతోంది, అనిమే చూసేవాళ్ళు కూడా షేర్ చేసేస్తున్నారు. "విలనెస్‌గా మళ్ళీ పుట్టే మాంగాలన్నీ ఒకటే కథ. ఒకమ్మాయి చచ్చిపోయి తను ఆడిన లవ్ గేమ్‌లో చెడ్డ పిల్లగా పుడుతుంది, కథ ముందే తెలుసు కాబట్టి ఈజీగా గెలుస్తుంది, హీరోలంతా ఆమెకే పడిపోతారు, అసలు హీరోయిన్ని చెడ్డది చేసేస్తారు. జపాన్ గేమ్స్‌లో ఉన్నదాన్నే తిరగేసి అమ్ముతున్నారు." ఇదీ ఆ మాట. నాకు ఈ కథలంటే ప్రాణం, అందుకే ఒక్కో ముక్క తీసుకుని చెప్తాను.

చివరి ముక్కతోనే మొదలుపెడతా, ఎందుకంటే పూర్తిగా పప్పులో కాలేసింది అక్కడే. అమ్మాయిల కోసం చేసే ఈ ప్రేమకథల గేమ్స్‌ని ఒటోమే గేమ్స్ అంటారు, వాటిలో మొదటిదిగా అందరూ చెప్పేది 1994లో కోయీ కంపెనీ సూపర్ ఫామికామ్ అనే గేమ్ మెషిన్ కోసం తెచ్చిన ఆంజెలిక్. అందులో హీరోయిన్‌కి పోటీగా రోసాలియా అని గొప్పింటి పిల్ల ఉంటుంది, పొగరుంటుంది, మాటలో విసురుంటుంది, కానీ విలన్ కాదు. ఇద్దరూ రాణి పదవికి పోటీ పడతారు, హీరోయిన్ నాకు ప్రేమే చాలనుకుంటే రాణి అయ్యేది రోసాలియానే, దేశం నుంచి తరిమేయడాలూ తలలు తీయడాలూ ఏమీ లేవు. తర్వాత వచ్చిన గేమ్స్‌లో కూడా హీరోయిన్ని ఏడిపించి చివర్లో అందరి ముందూ శిక్ష అనుభవించే గొప్పింటి డ్యూక్ కూతురు కనపడటం చాలా అరుదు. మరి ఈ అమ్మాయి ఎక్కడ పుట్టింది అంటే ఎక్కువగా ఆన్‌లైన్ నవలల్లో, షోసెట్సుకా ని నారో లాంటి సైట్స్‌లో, ఎవరైనా రాసి పెట్టుకోగలిగే చోట. అంటే కాపీ కొట్టడానికి ఒరిజినల్ గేమే లేదండీ. ఓడిపోవడం కోసమే పెట్టిన ఒక అమ్మాయిని వాళ్ళే ఊహించుకుని, సరే ఈ పిల్ల వైపు నుంచి చూస్తే ఎలా ఉంటుంది అని మళ్ళీ వాళ్ళే అడిగారు. నాకు ఈ జానర్‌లో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

"కథ తెలుసు కాబట్టి ఈజీ" అంటారా, హమేఫురా అనే కథ తీసుకోండి, 2020లో అనిమేగా వచ్చాక చాలామంది ఈ దారి పట్టింది దానితోనే. అందులో విలనెస్ కతరీనాకి ఎనిమిదేళ్ళప్పుడు తలకి దెబ్బ తగిలి పోయిన జన్మ గుర్తొస్తుంది, గేమ్‌లో తనకి రాసిపెట్టింది రెండే, దేశబహిష్కారం లేకపోతే చావు. అప్పుడా పిల్ల ఏం చేస్తుందీ, కత్తి తిప్పడం నేర్చుకుంటుంది, వెళ్ళగొడితే బతకాలి కదా అని పార పట్టుకుని పెరట్లో కూరగాయలు పండిస్తుంది, యువరాజుకి పాములంటే పడదని బొమ్మ పాములు తయారు చేసుకుంటుంది. తీరా చూస్తే తనని కాపాడింది ఆ ప్లాన్లేవీ కాదు, ఒంటరిగా పెరుగుతున్న పిల్లల్ని పక్కన కూచోబెట్టుకోవడమే, గేమ్‌లో ఆడపిల్లల వెంట తిరిగేవాడిగా తయారైన తమ్ముడు కీత్ ఇక్కడ మామూలు మంచి కుర్రాడిగా పెరిగాడంటే కారణం అదే. పైగా గేమ్‌లో తను ఆడని రహస్య రూట్, అంటే కథ నడిచే ఇంకో దారి, ఒకటి ఉంది, అసలు ప్రమాదం అక్కడి నుంచే వస్తుంది, తనకి తెలిసిన కథ అక్కడ ఎందుకూ పనికిరాదు.

హీరోయిన్ని చెడ్డది చేస్తారన్న మాటలో కొంత నిజం ఉంది, ఒప్పుకుంటాను. విలనెస్ బంగారం అని చూపించడానికి అవతలి పిల్లని జిత్తులమారిని చేసే కథలు ఉన్నాయి, కొన్నిట్లో అది మరీ చవకగా ఉంటుంది, నాకూ నచ్చదు. కానీ అన్నీ అంతే అనడం అన్యాయం. హమేఫురాలో కతరీనా, ఆ గేమ్ హీరోయిన్ మరియా చేసిన స్వీట్లు తింటూ ఆమెకి ప్రాణస్నేహితురాలైపోతుంది. ఇనోరి రాసిన ఐయామ్ ఇన్ లవ్ విత్ ద విలనెస్‌లో అయితే ఆఫీసులో పనిచేసే అమ్మాయి హీరోయిన్‌గానే పుట్టి, రాజకుమారుల్ని వదిలేసి విలనెస్ క్లేర్‌నే ప్రేమిస్తుంది, బీదాగొప్పా తేడాలూ తిరుగుబాటూ అన్నీ ఆ కథలోకి వస్తాయి. హీరోలందరూ పడిపోతారు అన్న ముక్కకి జవాబు కూడా ఇక్కడే దొరుకుతుంది, వేరే చెప్పక్కర్లేదు.

ఇక అన్నీ ఒకటే అన్న మాట. కవర్లు, పొడుగు పొడుగు టైటిళ్ళు, రింగుల జుట్టు, డాన్స్ పార్టీలో నిశ్చితార్థం రద్దు, ఇవి మళ్ళీ మళ్ళీ వస్తాయి, నిజమే. సురభి వాళ్ళు మాయాబజార్ వేస్తే కథ తెలీక వెళ్తామా, ఈసారి ఎలా ఆడతారో చూడ్డానికి వెళ్తాం. ఇక్కడా అంతే. లాస్ట్ బాస్ క్వీన్ అనే కథలో ప్రైడ్ అనే రాకుమారి భయపడేది ఎవరో శత్రువుకి కాదు, పెద్దయ్యాక తనే అవ్వబోయే క్రూరమైన రాణికి. ఉయెయామా మిచిరో మాంగాలో అయితే విలనెస్ గ్రేస్ లోపల ఉన్నది 52 ఏళ్ళ గవర్నమెంటు ఉద్యోగి, ఒక ఆడపిల్ల తండ్రి. హీరోయిన్ని ఏడిపించాలని ఎంత ప్రయత్నించినా ఆయన నోట్లోంచి వచ్చేది తండ్రి మాటే, ఎదురుగా ఉన్న పిల్ల కూతురి ఈడుదే కదా మరి. ఇంటి దగ్గర భార్యా కూతురూ ఆ గేమ్ స్క్రీన్ మీద ఆయన్నే చూస్తుంటారు, నవ్వుతూ చదువుతున్నదాన్ని అక్కడ ఆగిపోయాను, కాసేపు పేజీ తిప్పలేదు.