రాయలవారి వంశం, బరంపురం శాఖ

మా పెదనాన్నగారి అబ్బాయి గృహప్రవేశానికి ఒడిశాలోని బరంపురం వెళ్తే గుమ్మంలో పదడుగుల ఫ్లెక్సీ ఎదురైంది. పేరు 'మా వంశవృక్షం'. కింద మా అన్నయ్య, కళ్లజోడుతో. పైన శ్రీకృష్ణదేవరాయలు, కిరీటంతో. మధ్యవాళ్లకు ఫొటోలు దొరకలేదట, తలా ఒక కలువపువ్వు అంటించారు.

ఇదంతా ఒక యాప్ చేసిందట. ఇంటిపేరు కొడితే చాలు, వంశం దిగిపోతుందట. ఈ ఊళ్లో తెలుగువాడి పేరు ఎంత నిలకడైనదో తెలిసినవాళ్లు ఆ యాప్ ధైర్యానికి దండం పెట్టాలి. ముందుండాల్సిన ఇంటిపేరును ఇక్కడి ఆఫీసులు వెనక్కి తోస్తాయి. ఒడియా పలుకుబడిలో వకారం బకారమవుతుంది కనుక మా నాన్న వెంకటరావు రేషన్ కార్డులో బెంకటరావు, పట్టాలో భెంకట్రావు. ముగ్గురూ ఒక్కరేనని నేను నోటరీ ముందు ప్రమాణం చేయాల్సి వచ్చింది. యాప్ మాత్రం అయిదువందల ఏళ్లు అర నిమిషంలో దాటేసింది.

"రాయలు మనకేమవుతాడు అన్నయ్యా?"

"గజపతుల మీదికి దండెత్తి సింహాచలం దాకా వచ్చాడు కదరా. తిరిగెళ్లేటప్పుడు మనవాళ్లు ఇటు వచ్చి ఆగిపోయారు."

రైలు తప్పినవాళ్ల కథలా చెప్పాడు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా బరంపురం మదరాసు ప్రెసిడెన్సీలోది. ఆ ప్రభుత్వపు పాత దస్తరాలు చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వెళ్లి వెతుకుదామంటే అన్నయ్యకు నడుంనొప్పి.

భోజనాల ముందు పిల్లలకు క్విజ్ పెట్టాడు. వంశచరిత్ర బోరు కొట్టకూడదట. మైకులో "మన మూలపురుషుడు ఎవరు?" అన్నాడు. బహుమతి స్టీలు టిఫిన్ డబ్బా. ఒక బుడ్డోడు లేచి "తెనాలి రామలింగడు" అన్నాడు. అన్నయ్య దాన్నీ కాసేపు ఆలోచించాడు. వాళ్లమ్మ 'సగం మార్కులివ్వండి బావగారూ' అని బేరం మొదలుపెట్టింది. అప్పుడు మూలనున్న మేనత్త గొంతు లేచింది.

"మీ తాత గోపాలపురంలో ఓడెక్కి రంగం వెళ్లాడని చెప్పరా పిల్లలకి."

"అవన్నీ ఇప్పుడెందుకత్తా?" అని అన్నయ్య మైకు కట్టేశాడు.

ఎందుకా? రంగం అంటే రంగూన్. మా తాత ఆ రేవులో బస్తాలు మోశాడు. 1941 డిసెంబరులో అక్కడ బాంబులు పడ్డాక లక్షలమంది మనవాళ్లు బర్మా వదిలి పారిపోయివచ్చారు. కొండదారుల్లో కలరాకు, ఆకలికి రాలిపోయినవాళ్లకు లెక్కలేదు. వాళ్ల మధ్య నడిచి బతికొచ్చాడు ఆ మనిషి. ఆ కూలిడబ్బుతో కొన్న స్థలంలోనే ఈ రెండంతస్తుల మేడ లేచింది. ఆయనకా ఒక కలువపువ్వు? ఫొటో లేకపోతే పేరైనా రాయొద్దా? బస్తా మోసిన తాతంటే నామోషీ, ఊళ్ల మీద పడ్డ రాజంటే గొప్పా? సిగ్గులేని సంత!

భోజనాలయ్యాక అత్త పక్కన కూర్చుని ఫోన్‌లో రికార్డింగ్ నొక్కాను. తండ్రి తిరిగొచ్చేటప్పటికి ఆవిడకు అయిదేళ్లు. గుర్తుపట్టలేక మంచం కింద దూరిందట. వింటూ వింటూ పిల్లలంతా మా చుట్టూ చేరారు. టిఫిన్ డబ్బా దక్కని బుడ్డోడు ఆవిడ ఒళ్లోకే ఎక్కేశాడు.

"మామ్మా, ఆ తాత గుర్రం మీద వచ్చాడా?"

"కాళ్లకి చెప్పులే లేవురా నాన్నా."