నోట్‌బుక్‌లో కొట్టేసిన కరెంటు

మా అక్క బిడ్డ ఏడో తరగతి, నల్లగొండలోనే చదువుతోంది. మొన్న తెలుగు నోట్‌బుక్ తెచ్చి నా ఒళ్ళో పడేసింది. వానాకాలం మీద వ్యాసం. అందులో "గాలి లేచిందంటే మా ఊళ్ళో కరెంటు పోతుంది" అని రాసింది. సారు కరెంటును ఎర్ర పెన్నుతో కొట్టేసి, పైన "విద్యుత్తు" అని రాసి, అర మార్కు కోశారు. "మామా, నేను రాసింది తప్పా?" అని దాని ఏడుపు.

అర మార్కు పోతే పోయింది. దిద్దిన వాక్యాన్ని ఒకసారి బయటికి చదవండి. "గాలి లేచిందంటే మా ఊళ్ళో విద్యుత్తు పోతుంది." ఈ జిల్లాలో పుట్టినవాళ్ళెవరైనా ఈ మాట అనగా విన్నారా? మా నాయినకు డెబ్బై ఏళ్ళు, ఆయన నోట నేనైతే వినలేదు. విద్యుత్తు పేపర్లో ఉంటుంది, ఆఫీసు బోర్డు మీద ఉంటుంది. "విద్యుత్ ఉపకేంద్రం" అని రాసిన బోర్డు కిందే నిలబడి ఫోన్లో "సబ్‌స్టేషన్ కాడున్న, రా" అంటాం. "విద్యుదాఘాతంతో రైతు మృతి" అని వార్త వస్తుంది. మా ఊళ్ళో విద్యుదాఘాతంతో ఎవరూ చనిపోలేదు. కరెంటు కొట్టి చనిపోయారు.

కరెంటు ఇంగ్లీషు మాట కదా అంటారు. కాదనను. కానీ ఇంగ్లీషువాళ్ళు ఇంట్లో దీపం ఆరితే కరెంటు పోయిందనరు, పవర్ పోయిందంటారు. వాళ్ళకు కరెంట్ అంటే ముందు పారేది. లాటిన్‌లో పరుగెత్తడం అనే మాట నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. ఏటి వడి కూడా కరెంటే. 1820లో ఆంపియర్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త తీగలో పారేదానికి ఆ పేరు వాడి, టెన్షన్ వేరు, కరెంట్ వేరు అని తేల్చాడు. ఆ టెన్షన్‌నే ఇప్పుడు వోల్టేజీ అంటున్నాం. హైటెన్షన్ వైర్లన్న మాటలో పాత పేరు ఇంకా ఉంది. మనం రెండూ తెచ్చుకున్నాం. కరెంటును స్తంభం ఎక్కించాం, టెన్షన్‌ను నెత్తికెక్కించుకున్నాం.

కరెంట్ అన్న మాటకే "ఇప్పుడు నడుస్తున్నది" అనే అర్థం కూడా ఉంది. కోచింగుల్లో పిల్లలు బట్టీ పట్టే కరెంట్ అఫైర్స్ అదే. బ్యాంకులో కరెంట్ అకౌంటూ అదే. మా వీధిలో కిరాణా కొట్టు పెద్దాయనను బ్యాంకులో కరెంట్ అకౌంట్ తెరవమంటే, "కరెంటు బిల్లు నేను ఆఫీసుల కట్టుకుంట, దానికో అకౌంటెందుకు సారూ" అన్నాడు. నవ్వకండి, ఆయన భాషలో ఆయన సరిగ్గానే అన్నాడు. (ఫీజు సంగతి ఇంకా ఘోరం. స్కూల్లో కట్టేదీ ఫీజే, బోర్డులో ఎగిరిపోయేదీ ఫీజే. మా అక్క ఇంట్లో ఒకే వారం రెండూ అయినయి.)

ఏటి వడి అన్న పాత అర్థం మా దిక్కు దండగ కాలేదు. కృష్ణ పారితే నాగార్జునసాగర్‌లో 815.6 మెగావాట్ల దాకా కరెంటు తీయొచ్చు. శ్రీశైలం ఎడమగట్టున 900, జూరాల డ్యాం దగ్గర 234. సాగర్‌లో ఎనిమిది యూనిట్లుంటే ఏడు వెనక్కి కూడా తిరుగుతాయి. కరెంటు మిగిలినప్పుడు కిందికి పోయిన నీళ్ళను మళ్ళీ పైకి తోడతాయి. పుట్టంగండి దగ్గర పెద్ద మోటర్లు ఆగితే ఆ కృష్ణే మా నల్లగొండ వైపు ఎక్కదు. ఏరు కరెంటవుతోంది, కరెంటు మళ్ళీ ఏరవుతోంది. ఇంగ్లీషువాడికి రెంటికీ ఒకటే మాట. మాకు మాట ఒకదానికే ఉన్నా, పని రెండూ చేస్తోంది.

నిజంగా దిద్దాల్సింది ఇంకొకటి ఉంది. మనం అన్నిటికీ కరెంటే అంటాం. ఫీజు పోయినా, ట్రాన్స్‌ఫారం కాలినా, వోల్టేజీ లేకున్నా, మోటర్‌కు వచ్చే మూడు ఫేజుల్లో, అంటే మూడు కరెంటు తీగల్లో, ఒకటి పోయినా, లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైన్ బందు పెట్టించుకోవడం) తీసుకుని స్తంభం ఎక్కినా, అన్నిటికీ "కరెంటు లేదు". పోయిన ఎండాకాలం మా నాయిన ఆఫీసుకు ఫోన్ చేసి కరెంటు లేదన్నాడు. అవతలాయన ఉందన్నాడు. ఇద్దరూ పావుగంట అరుచుకున్నారు. ఇద్దరూ నిజమే చెప్పారు. ఊళ్ళో ఫ్యాన్లు తిరుగుతున్నయి, బాయికాడ మోటర్ తిరుగుతలేదు.

మా దేవరకొండ దిక్కు చెల్కలో స్టార్టర్ డబ్బా మీద చిన్న చెక్క కొట్టి, దానికి మూడు బల్బులు పెట్టుకుంటారు. ఫేజుకొకటి. మూడూ ఒక్కతీరుగ వెలిగితేనే మా నాయినకు కరెంటున్నట్టు. రెండు వెలిగి ఒకటి గుడ్డిగా ఉన్నప్పుడు బటన్ నొక్కితే, మోటర్ గుయ్యిమని మూలిగి వేడెక్కి వైండింగ్ కాలిపోతుంది. పెట్టుబడికి దాచుకున్నది మెకానిక్‌కు పోతుంది. 2018 జనవరి 1 నుంచి రాష్ట్రంలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు అన్నారు. అంతకుముందు కరెంటు వంతులవారీగా వచ్చేది. రాత్రి వంతు పడితే, మా నాయిన టార్చిలైటు పట్టుకుని బాయికాడ మంచమేసుకుని పండేవాడు. చీకట్లో పాములుంటయి, తడిచేత్తో డబ్బా ముట్టుకోవాల్సి వస్తుంది. అర్ధరాత్రి పక్క చేనోళ్ళు "కరెంటొచ్చిందీ" అని కేకేస్తే లేచి ఉరికేవాడు. సారూ, ఆ కేకను కూడా ఎర్ర పెన్నుతో దిద్దుతారా?

విద్యుత్తు మాట చెడ్డదని నేననడం లేదు. సైన్సు పుస్తకంలో ఉండాలి, పిల్లకు తెలియాలి. "విద్యుత్తు అని కూడా అంటారు" అని పక్కన రాసి ఉంటే నేనే దండం పెట్టేవాణ్ణి. కొట్టేయడమే నాకు మండింది. అది తన ఊరి గురించి, తను చూసింది, తన ఊరి మాటలో రాసింది. బస్సు, రోడ్డు కూడా అదే పేజీలో ఉన్నయి, వాటిని ముట్టుకోలేదు. రోడ్డుకు లేని పాపం కరెంటుకెందుకు?

మీ ఊళ్ళో దీన్ని ఇంకేమైనా అంటారా, కామెంట్లలో చెప్పండి. ఇంకా రాద్దామనుకున్నాగానీ నాయిన ఫోన్ చేసిండు. "కరెంటుందా నాయినా?" అంటే, "రెండే ఉన్నయిరా" అన్నడు. లైన్‌మన్ అన్నకు ఫోన్ కొట్టాలె.