సవరణ: ఐర్లండ్ జనాభా లెక్కలు అన్నీ 1922లో కాలిపోలేదు

ఐర్లండ్‌లో పూర్వీకుల వివరాలు వెతకడం గురించి రాసిన గత టపాలో, 19వ శతాబ్దపు జనాభా లెక్కల పత్రాలన్నీ 1922లో, అంతర్యుద్ధ సమయంలో డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ (ప్రభుత్వ రికార్డుల కార్యాలయం కూడా ఉన్న న్యాయస్థానాల సముదాయం) తగలబడినప్పుడు బూడిదయ్యాయని పేర్కొన్నాను. అది సరికాదు. ఆ మంటల్లో పోయినవి 1821 నుంచి 1851 వరకు జరిగిన నాలుగు లెక్కల పత్రాలు మాత్రమే. వాటిలోనూ కొన్ని తునకలు మిగిలాయి. 1861, 1871 పత్రాలను లెక్కలు ముగిసిన కొంతకాలానికే ప్రభుత్వం నాశనం చేయించింది. 1881, 1891 పత్రాలను మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో గుజ్జు చేయించారు. తప్పంతా నిప్పు మీదికి నెట్టడం నా తొందరపాటే.

కాలిపోయిన 1841, 1851 పత్రాల ఆనవాళ్లు మరోచోట దొరుకుతాయి. 1909లో వృద్ధాప్య పింఛను మొదలైనప్పుడు, 70 ఏళ్లు నిండాయని రుజువు చూపడానికి గుమాస్తాలు ఆ పత్రాలు వెతికి నింపిన ఫారాలను ఐర్లండ్ జాతీయ ఆర్కైవ్స్ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంచింది. దరఖాస్తుదారు తల్లిదండ్రుల పేర్లు, అప్పట్లో వారున్న ఊరు వాటిలో కనిపిస్తాయి. కొన్నింటిపై మాత్రం జాడ దొరకలేదన్న ముక్కే ఉంటుంది.