విడతలుగా కట్టిన ఇల్లు చీలిపోతుందా?

"అప్పు చేసైనా ఇల్లు ఒక్కసారే కట్టేయాలి. గది తర్వాత గది వేస్తే గోడలు విడిపోతాయి, వదిలిన రాడ్లు తుప్పుపడతాయి, ఖర్చు రెట్టింపు, తుపానుకు నిలవదు" అనే వాట్సాప్ సందేశం శ్రీకాకుళం, విజయనగరం గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. ఒక్కో మాటా చూద్దాం.

గోడలు విడిపోతాయన్నది సగం నిజం. పాత పునాది బరువుకు అప్పటికే కుదురుకుని ఉంటుంది, కొత్తది కట్టాక దిగుతుంది. రెండు గోడల ఇటుకలనూ కలిపి కట్టేస్తే ఆ అతుకు దగ్గరే నిలువుగా బీట వారుతుంది. చేతిలో డబ్బుంటే మొత్తం ప్లానుకూ ఫుటింగులు (స్తంభాల కింది పునాది దిమ్మెలు), ప్లింత్ బీమ్ (గోడల అడుగున పోసే కాంక్రీటు దూలం) ముందే వేసి ఒక్క గదే లేపండి. లేకుంటే కొత్త గదికి వేరే పునాది, వేరే గోడ కట్టి, మధ్య అంగుళం సందు వదిలి థర్మాకోల్ పెట్టండి. స్లాబు మీద ఆ సందుపై జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) రేకు వంచి ఒకవైపే బిగించాలి. రెండువైపులా బిగిస్తే కదలికకు ఊడిపోతుంది. కొత్త గొయ్యి పాత పునాది అడుగు కంటే లోతుకు పోకూడదు, పాతదాని కింద మట్టి జారుతుంది. చాలాచోట్ల కొంప ముంచేది ఇదే.

రాడ్ల మీద వాటర్ బాటిళ్లు బోర్లించి వదిలేయడం ఊరూరా కనిపిస్తుంది. బాటిల్ కాచేది కొసనే. తుప్పు మొదలయ్యేది రాడ్డు స్లాబులోంచి బయటికొచ్చే చోట, నీరు నిలిచే దగ్గర. సోంపేట, భోగాపురం వైపు ఉప్పుగాలికి ఇంకా త్వరగా. సిమెంటు పాలు పూసి, చుట్టూ పలచని కాంక్రీటు పోసి కప్పాలి. 12 మి.మీ. రాడ్డుకు అతుకు, అంటే పాత, కొత్త రాడ్లు పక్కపక్కన కలిసి ఉండే పొడవు, రెండడుగులు కావాలి కాబట్టి రెండున్నర అడుగులు వదలండి. మళ్లీ కట్టేరోజు ఆ పలచని కాంక్రీటు కొట్టేసి వైర్ బ్రష్‌తో రుద్దండి. పొరలుగా రాలి సన్నబడిన రాడ్డును నమ్మొద్దు.

ఖర్చంటారా, సెంట్రింగ్ అద్దె, కూలీల ముఠా రెండోసారి పడతాయి, సిమెంటు ధరా పెరుగుతుంది. కానీ 10 లక్షల అప్పుకు 9 శాతం వడ్డీతో 20 ఏళ్లు కడితే నెలకు దాదాపు 9,000, మొత్తం 21.6 లక్షలు. రెట్టింపయింది ఎక్కడ?

ఇక తుపాను. 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. గదికి రేకుల కప్పు వేస్తే అలాంటి గాలి రేకును పైకి పీకుతుంది, చూరు దగ్గర, మూలల్లో మరీ ఎక్కువగా. ఇసుక బస్తాలు ఆపవు. రేకుకు జే-బోల్టులు (కొక్కెంలా వంగిన బోల్టులు) అంచుల్లో దగ్గరదగ్గరగా బిగించి, కింది ఇనుప పైపులను లింటల్ బెల్టు (తలుపులు, కిటికీల పైన గోడల చుట్టూ పోసే కాంక్రీటు పట్టీ) లోంచి లేచిన రాడ్లకు కట్టాలి. ఆ రాడ్లు బెల్టు పోసేటప్పుడే పెట్టాలి.