ఫొటో పెట్టండి టీచర్!

ప్రాథమిక పాఠశాలల్లో యాక్టివిటీలు జరగడం లేదని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. ఎందుకు జరగవండీ, బ్రహ్మాండంగా జరుగుతున్నాయి. మా టీచర్ల వాట్సాప్ గ్రూపు చూస్తే తెలుస్తుంది. పొద్దున పదకొండు అయ్యేసరికి వరసగా ఫొటోలు. అట్టముక్కల మీద గుణింతాలు, ఐస్‌క్రీం పుల్లలతో సంఖ్యలు, గుండ్రంగా కూర్చోబెట్టిన పిల్లలు, అందరి మొహాలూ ఫోన్ వైపే. ఎవరి ఫొటో రాకపోతే వాళ్ళ బడి పేరు మధ్యాహ్నానికల్లా అదే గ్రూపులో పడుతుంది, "కింది పాఠశాలల వారు వెంటనే అప్‌లోడ్ చేయగలరు" అని.

యాక్టివిటీ అంటే నాకు ఇష్టమే. దానికి రుజువు చూపించమనడమే ప్రాణం తీస్తోంది. పెళ్ళిలో సరిగ్గా తాళి కట్టే టైముకి వీడియో అతను "అలాగే ఉండండి, ఒకసారి ఇటు చూడండి" అంటాడు కదా, మా క్లాసులో రోజూ అదే తంతు. కాకపోతే ఇక్కడ మంత్రం చదివేదీ నేనే, వీడియో తీసేదీ నేనే.

మూడో తరగతి తీసివేతలనే తీసుకోండి. 42లోంచి 17 తీసెయ్యమంటే సగం మంది 35 అని వేస్తారు. తప్పే, కానీ నోటికొచ్చిన అంకె వేసేయలేదు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేస్తారు. నాలుగులోంచి ఒకటి తీసేస్తారు. పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలని మనమే చెప్పాం కదా మరి! పక్క స్థానం నుంచి ఒకటి తెచ్చుకోవాలని బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పినా తలూపుతారు, మళ్ళీ 35 వేస్తారు. మా దగ్గర చీపురుపుల్లల కట్టలుంటాయి, పదేసి పుల్లలకి ఒక రబ్బరు బ్యాండు. మొన్న ఒక పిల్ల చేతికి నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు ఇచ్చి "ఇందులోంచి నాకు పదిహేడు ఇవ్వు" అన్నాను. ఒక కట్ట ఇచ్చింది. విడి పుల్లలు రెండూ ఇచ్చింది. అక్కడ ఆగిపోయింది. చేతిలో ఉన్న మూడు కట్టల వంకా, నా మొహం వంకా మార్చి మార్చి చూస్తోంది. పక్కవాడు ఉండబట్టలేక "కట్ట ఇప్పు!" అన్నాడు. వాణ్ని నోరు మూసుకోమన్నాను. కానీ విన్నా కూడా ఆ పిల్ల చెయ్యి కదలలేదు. కట్ట విప్పవచ్చా అని తనలో తనే తేల్చుకోవాలి కదా. చాలాసేపటికి రబ్బరు బ్యాండు తీసింది, ఐదు లెక్కపెట్టి ఇచ్చింది, మిగిలినవి చూసుకుని "ఇరవై అయిదు, టీచర్" అంది.

ఒక్క పిల్లకి పావుగంట పట్టింది. అందులో ఎక్కువ భాగం ఊరికే కూర్చుని చూడడమే. ఆ కాసేపట్లోనే అసలు సంగతి జరిగింది. దాన్ని ఫొటో తీస్తే ఏముంటుంది చెప్పండి? నేల మీద చీపురుపుల్లలు, ఎదురుగా బిక్కమొహం వేసుకున్న పిల్ల. "పిల్లలు యాక్టివ్‌గా లేరు, టీఎల్ఎం (బోధన సామగ్రి) ఆకర్షణీయంగా లేదు" అని తనిఖీకి వచ్చినవాళ్ళు రాస్తారు.

ఆ పావుగంటా మిగతా పిల్లలు ఏం చేస్తున్నారు? మా బడిలో ఐదు తరగతులకి ఇద్దరం. నాలుగు, ఐదు తరగతులూ, రికార్డులూ, బియ్యం లెక్కలూ హెచ్ఎం సార్‌వి. ఒకటి, రెండు, మూడు నావి. నేను పుల్లల దగ్గర కూర్చుంటే ఒకటో తరగతి నుంచి "టీచర్, ఈడు నా బలపం తిన్నడు" అని ఫిర్యాదు. రెండో తరగతి పాఠం చదువుతోంది. చదువుతోంది అంటే ఒకడు పాడుతుంటే మిగతావాళ్ళు అందుకుంటున్నారు. పాఠం మొత్తం కంఠతా వచ్చు, వేలు మాత్రం ఎక్కడో వేరే వాక్యం మీద ఉంటుంది. మధ్యలో ఒక పదం చూపించి ఇదేంటని అడిగితే పాఠం మొదటి నుంచి గొణుక్కుంటూ అక్కడిదాకా వస్తారు. 'య', 'మ' తేడా పట్టుకోలేక 'యమున'ను 'మయున' అనే వాళ్ళున్నారు. ఈ సంగతి తెలియాలంటే ఒక్కొక్కణ్నీ దగ్గర కూర్చోబెట్టుకుని చదివించాలి. కోరస్‌లో అందరూ ఫస్ట్ ర్యాంకే.

"ముప్పై చిల్లర పిల్లలకి ఇద్దరు టీచర్లా! ఇంకేం కావాలి?" అంటారు మా బంధువులు. విద్యాహక్కు చట్టం లెక్క కూడా అదే. ప్రాథమిక బడిలో 60 మంది దాకా ఇద్దరు టీచర్లు చాలు. ఆ చట్టం తలలు లెక్కపెడుతుంది, తరగతులు లెక్కపెట్టదు. అందరూ ఒకే తరగతి పిల్లలైతే ఇద్దరం మహారాజుల్లా చెప్పేవాళ్ళం. ఐదు తరగతుల్లో ఆరేసి, ఏడేసి మంది ఉంటే ఆ నిష్పత్తిని ఏం చేసుకోవాలి? ఇద్దరిలో ఒకరు సెలవు పెట్టినా, మీటింగుకి పోయినా ఆ రోజు చదువు అంటే పిల్లల్ని గొడవ పడకుండా చూసుకోవడమే.

అదే చట్టంలో 27వ సెక్షన్ కూడా ఉంది. పదేళ్ళ జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప టీచర్లని వేరే పనులకి వాడకూడదని. 2024 నవంబరులో తెలంగాణలో ఇంటింటి కుటుంబ సర్వేకి మమ్మల్నే పంపి, ప్రాథమిక పాఠశాలల్ని ఒంటిపూట చేశారు. హైస్కూళ్ళు మాత్రం మామూలుగానే నడిచాయి. గుణింతాలు నేర్చుకునే పిల్లల పూట అంటే అంత చులకన. ఆ తరవాత అపార్ ఐడీలు, అంటే ప్రతి విద్యార్థికీ ఇచ్చే గుర్తింపు నంబర్లు. ఆధార్‌లో ఒక పేరు, అడ్మిషన్ రిజిస్టర్‌లో ఒక పేరు, ఆ తేడా కోసం మీసేవకి తిరగలేక తల్లిదండ్రులు మమ్మల్ని తిట్టుకున్నారు. ముఖం చూపించి వేసే హాజరు వేరే. నెట్ అందక ఫోన్ పట్టుకుని గేటు దాకా పోతే, వెనక క్లాసు సంగతి మీకు చెప్పక్కర్లేదు.

2022లో తెలంగాణ ప్రభుత్వం తొలిమెట్టు కార్యక్రమం తెచ్చినప్పుడు నాకు నిజంగానే సంతోషమేసింది. ఏ తరగతిలో ఉన్నాడన్నది పక్కన పెట్టి, ఎక్కడ ఆగిపోయాడో చూసి అక్కడి నుంచి చదవడం, రాయడం, చతుర్విధ ప్రక్రియలు నేర్పమన్నారు. అంతకన్నా మంచి మాట ఎవరు చెప్తారు? చూస్తుండగానే దాని చుట్టూ ఫార్మాట్లు మొలిచాయి. పిల్లాడి స్థాయి రాసుకునే పట్టిక నింపడానికి పట్టే టైములో ఆ పిల్లాడితో ఒక పేజీ చదివించవచ్చు.

పల్లెల్లో పిల్లలకి చదువు ఎంతవరకు వచ్చిందో చూసే అసర్ సర్వే వాళ్ళు ఎలా చేస్తారో చూడండి. ఇంటికొచ్చి, పిల్లని కూర్చోబెట్టి, అక్షరాలు, పదాలు, చిన్న పేరా, చిన్న కథ ఉన్న కాగితం ముందు పెట్టి చదవమంటారు. అంతే. 2024లో దేశంలోని గ్రామీణ ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి కథ చదవగలిగింది 23.4 శాతం మందే. నలుగురిలో ఒక్కరు కూడా పూర్తిగా లేరు. ఇందులో మా టీచర్ల తప్పు లేదని బుకాయించను. సంతకం పెట్టి ఫోన్ చూసుకునే వాళ్ళు మాలో ఉన్నారు, వాళ్ళని నేనూ చూశాను. అయితే ఫొటోలు అందరికన్నా ముందు పెట్టేది కూడా వాళ్ళే!

ప్రైవేటు వాళ్ళేం తక్కువ తినలేదు. ఎల్లో డే అని పసుపు గౌను, మామిడిపండు వేషం. మా చెల్లెలు రాత్రి పన్నెండింటి దాకా థర్మోకోల్‌తో సౌరకుటుంబం చేసింది. దాని కొడుకు నిద్రపోయాడు. మార్కులు వాడికి.

కోపం ఎక్కువవడానికి ఇంకో కారణం, ఐదు తరగతులకి ఇద్దరే టీచర్లుండే మా బాధకి మందు మన తెలుగు పల్లెల్లోనే తయారైంది. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ స్కూలు వాళ్ళ చిన్న చిన్న ఊరిబడులు, తరగతులన్నీ ఒకే గదిలో. ఆ బడుల్ని నడిపించిన పద్మనాభరావు గారు, రమ గారు అక్కడ పాఠ్యపుస్తకాన్ని విడగొట్టి కార్డులుగా చేశారు. గోడ మీద నిచ్చెనలాంటి చార్టు, మెట్టు మెట్టుకీ బొమ్మ గుర్తు. పిల్ల వచ్చి తాను ఏ మెట్టు మీద ఉందో చూసుకుని, ఆ కార్డు తీసుకుని, తన గుంపులో కూర్చుంటుంది. టీచరు ఆ పూట ఎవరికి అవసరమో వాళ్ళ దగ్గర ఉంటుంది. ఐదు తరగతులు ఒక గదిలో ఉండడాన్ని తప్పులా చూడకుండా, దాన్ని బట్టే బడిని అల్లారు. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు ఇదే నేర్చుకెళ్ళాయి, ఆ తరవాత తమిళనాడు రాష్ట్రమంతా పెట్టుకుంది. మన దగ్గర మాత్రం ఇప్పటికీ ప్రతి పాఠ్యప్రణాళికా ఒక గదికి ఒక తరగతి, ఒక టీచరు అనుకునే రాస్తారు.

నేను అడిగేది పెద్దదేం కాదు. తరగతిని లెక్కపెట్టి టీచర్లని ఇవ్వండి, అది చేతకాకపోతే రకరకాల తరగతులు కలిసి కూర్చునే గదికి పనికొచ్చే సామగ్రి ఇవ్వండి. తనిఖీకి వస్తే గ్యాలరీ అడగొద్దు, ఒక పిల్లని పిలిచి పది నిమిషాలు కూర్చోండి.

రేపు హెచ్ఎం సార్ ట్రైనింగుకి పోతున్నారు. ఐదు క్లాసులూ నావే. ట్రైనింగ్ దేని మీదంటే, కృత్యాధార బోధన, అంటే యాక్టివిటీలతో పాఠం చెప్పడం. అక్కడి ఫొటోలు పొద్దున పదకొండుకల్లా గ్రూపులో వస్తాయి.