ఆ లిస్టు రాసిందెవరు?

విదేశాల్లో సాయం చేసే ప్రాజెక్టు ప్రపోజల్ ఏదైనా తీసి చూడండి, చివరి పేజీల్లో రిస్కుల పట్టిక ఒకటి ఉంటుంది. వానలు ఆలస్యం కావచ్చు, మారకం రేటు మారవచ్చు, ‘రాజకీయ అస్థిరత: మధ్యస్థం’. అంతా తూతూ మంత్రం. గొడవలొస్తే మన ప్రాజెక్టు ఏమవుతుందన్నదే అందులో ఉంటుంది తప్ప, మన ప్రాజెక్టు వచ్చి పడితే అక్కడి గొడవలు ఏమవుతాయన్న ఊసే ఉండదు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

1994కి ముందు రువాండా దాతలకి ముద్దుబిడ్డ. రోడ్లు బాగుంటాయి, అధికారులు చెప్పిన పని చేస్తారు. కానీ అక్కడ గుర్తింపు కార్డు మీద మనిషిది ఏ వర్గమో, హుటూనా, టుట్సీనా అని రాసి ఉండేది (అది బెల్జియం పాలన నాటి నుంచీ ఉన్నదే). ఆ ఏడాది ఏప్రిల్ నుంచి జూలై దాకా రోడ్లకి అడ్డాలు పెట్టి, ఆ కార్డులు చూసి మరీ టుట్సీలని చంపారు. మొత్తం పోయినవాళ్లు దాదాపు 8 లక్షల మంది. అన్నేళ్లు అక్కడ డబ్బు ఖర్చు పెట్టినవాళ్లలో ఆ కార్డు గురించి గట్టిగా నిలదీసినవాళ్లు తక్కువే.

దాని తర్వాత రువాండా సరిహద్దు అవతలి ఊరు గోమాలో జరిగింది ఇంకా వివరంగా చెప్పుకోవాలి. జూలైలో నాలుగైదు రోజుల్లోనే లక్షల మంది హుటూలు సరిహద్దు దాటి అప్పటి జైర్‌లోకి (ఇప్పటి కాంగో) వచ్చేశారు. కలరా ప్రబలి వేల మంది చచ్చిపోతుంటే ఎవరు మాత్రం చేతులు కట్టుకుని కూర్చుంటారు? కానీ అంతమందికి తిండి పంచాలంటే లిస్టు కావాలి, ఎవరి కుటుంబంలో ఎందరున్నారో తెలియాలి. జనం ఏ ప్రాంతం వాళ్లు ఆ ప్రాంతం వాళ్లతోనే డేరాలు వేసుకున్నారు, వాళ్లతోపాటు పాత పెద్దలూ వచ్చారు, ఆ పెద్దల్లో చంపించినవాళ్లూ ఉన్నారు. తొందరలో పంపిణీ వాళ్ల చేతుల మీదుగానే సాగింది. తలలు ఎక్కువ రాయించారు, మిగిలింది అమ్ముకున్నారు, ఆ డబ్బులో కొంత ఆయుధాలకి పోయింది. ఇళ్లకి తిరిగి వెళ్తామన్నవాళ్లని బెదిరించారు, కొందరిని చంపేశారు కూడా. ఇది చూడలేక సరిహద్దుల్లేని డాక్టర్ల సంస్థ ఫ్రాన్స్ విభాగం ఆ నవంబరులో శిబిరాల నుంచి తప్పుకుంది. వెళ్లినవాళ్లది ఒప్పా, ఉండిపోయినవాళ్లది ఒప్పా అంటే నేను చెప్పలేను. ఇంత దూరంలో సోఫాలో కూర్చుని తీర్పు చెప్పడం తేలికే.

యుద్ధం లేని చోట ఈ గొడవ ఉండదనుకోకండి. శ్రీలంకలో 2004 సునామీ నాటికి ప్రభుత్వానికీ తమిళ పులులకీ (ఎల్టీటీఈ) మధ్య కాల్పుల విరమణ నడుస్తోంది. సముద్రానికి ఇంత దూరంలోపు మళ్లీ ఇళ్లు కట్టకూడదని నియమం పెట్టారు, దక్షిణాన 100 మీటర్లు, ఉత్తరాన, తూర్పున 200 మీటర్లు. కారణాలు ఏం చెప్పినా, ఉత్తర, తూర్పు తీరాల్లో ఉన్న తమిళులకీ ముస్లింలకీ అది ఎలా వినిపించి ఉంటుందో ఊహించండి. సాయాన్ని పంచుకోవడానికి 2005 జూన్‌లో ప్రభుత్వానికీ ఎల్టీటీఈకీ ఒప్పందం కుదిరింది. దాన్ని వ్యతిరేకిస్తూ సింహళీయుల పార్టీ జేవీపీ సంతకాలకి ముందే ప్రభుత్వం నుంచి బయటికొచ్చింది, తమతో సంతకం చేయించలేదని ముస్లింలు మండిపడ్డారు, జూలైలో సుప్రీంకోర్టు ముఖ్యమైన నిబంధనలు ఆపేసింది. మరుసటి ఏడాదికి మళ్లీ యుద్ధం. దానికి సాయం ఒక్కటే కారణం కాదులెండి, అదే సునామీకి దెబ్బతిన్న ఇండోనేషియాలోని ఆచేలో, ప్రభుత్వానికీ వేర్పాటువాదులకీ మధ్య 2005 ఆగస్టులో శాంతి ఒప్పందం అయింది కూడా. కాకపోతే అక్కడా సునామీలో ఇల్లు పోయినవాడికి దొరికినంత సాయం, పోరాటంలో ఇల్లు కాలినవాడికి దొరకలేదు.

‘కీడు చెయ్యకు’ అన్న సూత్రం 1990ల నుంచీ ఈ రంగంలో అందరి నోటా ఉంది, దాని మీద ట్రైనింగులకి కూడా కొదవలేదు. కానీ చాలాచోట్ల ఆ కసరత్తు బడ్జెట్ ఖరారయ్యాక, ఒక కన్సల్టెంటుని పెట్టి రెండు వారాల్లో ముగించేస్తారు. అప్పటికి లారీలు అద్దెకి తీసుకోవడం అయిపోతుంది. అవి ఎవరివి? గోడౌన్ ఎవరిది? ఉద్యోగాలన్నీ ఇంగ్లీషు వచ్చిన ఒక్క వర్గానికే పోతున్నాయా? బోరు వేసిన చోటికి ఇన్నాళ్లూ పశువుల్ని తోలుకొచ్చినవాళ్లు ఇకపై ఎవరిని అడగాలి? ఇవి తెలుసుకోవాలంటే మొదటి మూడు నెలలు ఏమీ కట్టకుండా, ఏమీ పంచకుండా తిరగాలి, దానికి డబ్బివ్వాలి. మనలాంటి దాతలకి అదే నచ్చదు, మనకి ఫొటో కావాలి.

మన సంఘం సేవా కమిటీకి కూడా విదేశీ సాయం ప్రపోజల్స్ వస్తుంటాయి. ఈసారి వచ్చినప్పుడు బడ్జెట్ పేజీ తిప్పేముందు లబ్ధిదారుల లిస్టు ఎవరు రాశారో అడగండి. ‘అక్కడి పెద్దమనిషే ఇచ్చాడండీ’ అంటే, ఆయన ఎవరికి పెద్దమనిషో, ఎవరికి కాదో కూడా అడగండి.