మన ఇమిగ్రేషన్ ఫైలు ఎవరి చేతిలో ఉంది?

అమెరికాలో హెచ్-1బి ఉద్యోగ వీసా మీద పనిచేస్తున్న తెలుగువారిని పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ ఎప్పటివరకు ఉందని అడిగితే చాలామంది తడుముకోకుండా నెల, సంవత్సరం చెబుతారు. దేశంలోకి అడుగుపెట్టినప్పుడు అధికారి నమోదుచేసే ఐ-94 అనే ప్రవేశ రికార్డు గడువు ఎప్పుడని అడిగితే మాత్రం, హెచ్-1బి అప్రూవల్ నోటీసులో ఉన్నదే అయి ఉంటుందనో, కంపెనీ లాయరు చూసుకుంటారనో సమాధానం వస్తుంది. ఈ దేశంలో మనం ఎంతకాలం చట్టబద్ధంగా ఉండవచ్చో తేల్చేది ఆ రెండో తేదీయే. పాస్‌పోర్టులోని వీసా సరిహద్దు దాకా వచ్చి లోపలికి అనుమతి కోరడానికి మాత్రమే పనికివస్తుంది. దాని గడువు తీరిపోయినా ఐ-94 చెల్లుబాటులో ఉంటే ఇక్కడ పని చేసుకుంటూ ఉండవచ్చు. వీసాకు ఇంకా రెండేళ్లు మిగిలి ఉన్నా ఐ-94 ముగిసిపోతే ఆ రెండేళ్లు మనల్ని కాపాడవు.

ఈ రెండు తేదీలూ ఒకటే కావన్న సంగతి చాలా కుటుంబాలకు ఆలస్యంగా తెలుస్తుంది. విమానంలో వచ్చేవారికి కాగితపు ఐ-94 ఇవ్వడం 2013లోనే ఆగిపోయింది కనుక, వెబ్‌సైటులోకి వెళ్లి మనమే దించుకుని చూసుకుంటే తప్ప అధికారి ఏ తేదీ వేశారో తెలియదు. పాస్‌పోర్టు గడువు, మన కోసం కంపెనీ వేసిన హెచ్-1బి పిటిషన్ గడువు కంటే ముందే ముగుస్తుంటే, చాలాసార్లు పాస్‌పోర్టు తేదీ వరకే అనుమతి ఇస్తారు. పిల్లల భారతీయ పాస్‌పోర్టులు ఐదేళ్లకే ముగుస్తాయి కాబట్టి, ఒకే విమానంలో దిగి, ఒకే కౌంటరు దగ్గర నిలబడిన నలుగురికి నాలుగు వేర్వేరు తేదీలు పడవచ్చు. తండ్రి తన తేదీ ఒక్కటి చూసుకుని ఊరుకుంటే, భార్య ఐ-94 ఏడాది క్రితమే ముగిసిపోయిందని మరుసటి పొడిగింపు సమయంలో బయటపడవచ్చు. 1996 నాటి చట్టం ప్రకారం, గడువు దాటి 180 రోజులకు మించి ఉండి దేశం విడిచి వెళ్లినవారికి మూడేళ్లు, ఏడాది లేదా అంతకు మించి ఉండి వెళ్లినవారికి పదేళ్లు తిరిగి ప్రవేశం నిషేధం. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు ఈ లెక్క వర్తించదు గానీ, స్టేటస్ (దేశంలో ఉండే చట్టబద్ధ హోదా) తెగిపోవడం వారికీ తెగిపోవడమే.

చదువుకున్నవాళ్లం, కోట్ల రూపాయల విలువైన సాఫ్ట్‌వేర్ వ్యవస్థలను పొరపాటు రాకుండా నడిపేవాళ్లం, ఒక్క తేదీ దగ్గర ఇంత ఉదాసీనంగా ఎందుకుంటాం? మన ఫైలు మనది కాదన్న అలవాటే దీనికి కారణమని నా అభిప్రాయం. పిటిషన్ వేసేది కంపెనీ, లాయరును ఎంచుకునేది కంపెనీ, ఫీజు కట్టేది కంపెనీ. అందువల్ల ఆ కాగితాలు అడగడం కూడా అమర్యాద అన్నట్టు ప్రవర్తిస్తాం. కంపెనీకీ మనకూ ప్రయోజనం ఒకటే అయినంతకాలం ఆ లాయరు మన లాయరు కూడా. ఆ ప్రయోజనాలు వేరుపడిన రోజున ఆయన ఎవరి వైపు మాట్లాడతారో ముందే ఊహించుకోవడం మంచిది.

అడిగే హక్కు లేకపోలేదు. ఎల్‌సీఏ (జీతం, పని వివరాలతో కంపెనీ కార్మిక శాఖకు ఇచ్చే దరఖాస్తు) ప్రతిని ఉద్యోగికి పనిలో చేరే రోజుకల్లా ఇవ్వాలని నిబంధన ఉంది. అందులో రాసిన జీతం, పని లేదన్న కారణంతో బెంచి మీద కూర్చోబెట్టినప్పుడు కూడా చెల్లించాల్సిందే. జీతం లేని బెంచి చట్టవిరుద్ధమని కొన్ని కన్సల్టెన్సీలలో పనిచేసే మన పిల్లలు చాలామందికి తెలియదు, తెలిసినవాళ్లు నోరు విప్పరు. తీరా ఆ నెలల పే స్టబ్‌లు (జీతం రసీదులు) లేక, తర్వాతి కంపెనీ హెచ్-1బి ట్రాన్స్‌ఫర్ వేసినప్పుడు ఆర్‌ఎఫ్‌ఈ (అదనపు ఆధారాలు కోరే నోటీసు) వస్తే ఇరుక్కునేది ఆ ఉద్యోగే. కంపెనీ పిటిషన్ ప్రతి ఇవ్వకపోతే, సమాచార స్వేచ్ఛ చట్టం కింద, ఈ పిటిషన్లు చూసే ప్రభుత్వ సంస్థ యూఎస్‌సీఐఎస్‌నే మన ఫైలు అడగవచ్చు. అమెరికా పౌరులే కానక్కరలేదు. మన గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్ ఐ-140 విషయంలో ఇది మరీ ముఖ్యం. ఆమోదం వచ్చి 180 రోజులు దాటిన తర్వాత కంపెనీ దాన్ని ఉపసంహరించుకున్నా, మోసం వంటి కారణాలు లేనంతవరకు, మామూలుగా ఉండే ఆరేళ్ల పరిమితి తర్వాత కూడా హెచ్-1బిని పొడిగించుకోవడానికి అది ఆధారంగా నిలుస్తుంది. ఆ నోటీసు ప్రతి, కనీసం దాని రసీదు సంఖ్య, మన దగ్గర లేకపోతే ఆ రక్షణను నిరూపించుకోవడానికే నెలలు పడుతుంది.

ఉద్యోగం పోయినప్పుడు ఈ అజ్ఞానానికి మౌనం కూడా తోడవుతుంది. 2017 జనవరిలో అమలులోకి వచ్చిన నిబంధన ప్రకారం గరిష్ఠంగా 60 రోజులు, లేదా ఐ-94 ముగిసే రోజు, వీటిలో ఏది ముందైతే అంతవరకే దేశంలో ఉండే వెసులుబాటు ఉంటుంది. ఉద్యోగం తీసేసినప్పుడు కంపెనీ ఇచ్చే సెవరెన్స్ డబ్బు వస్తున్నంతకాలం ఈ లెక్క మొదలుకాదని కొందరు నమ్ముతారు. ఆ నమ్మకం మీద ఇల్లు నడపడం ప్రమాదకరం. అయినా మనవాళ్లు మొదటి రెండు మూడు వారాలను ఎవరికీ తెలియకుండా దాచుకోవడంలోనే గడిపేస్తారు. ఇంట్లో తల్లిదండ్రులకు చెప్పరు, స్నేహితులకు చెప్పరు, వారాంతపు విందులో 'ప్రాజెక్టు ఎలా ఉంది' అని ఎవరైనా అడిగితే బాగుందంటారు. ఆ విందులో కూర్చున్నవారిలో ఒకరి కంపెనీలో ఖాళీ ఉండవచ్చు, మరొకరికి మంచి లాయరు తెలిసి ఉండవచ్చు. స్టేటస్ చిక్కును పరువుతక్కువ వ్యవహారంగా చూసే వాతావరణాన్ని తయారుచేసింది మనమే. పెళ్లిసంబంధాల ప్రకటనల్లో 'ఐ-140 అప్రూవ్డ్' అన్నది డిగ్రీ పక్కన చేర్చుకున్న సమాజంలో, అది లేనివాడు నోరు మూసుకోక ఏం చేస్తాడు?

ఈ మౌనం మిగిల్చిన ఖాళీని వాట్సాప్ నింపుతోంది. 2025 సెప్టెంబరు 19న కొత్త హెచ్-1బి పిటిషన్లకు లక్ష డాలర్ల చెల్లింపు విధిస్తూ అధ్యక్షుడి ప్రకటన వెలువడినప్పుడు, అది ఏటా కట్టాలన్న మాట వాణిజ్య మంత్రి నోటి నుంచే రావడంతో, 21వ తేదీ లోపు తిరిగి రాకపోతే ఇక రాలేమన్న భయంతో ఎందరో సెలవులు మధ్యలో వదిలేసి విమానాశ్రయాలకు పరుగెత్తారు. అది ఒక్కసారే కట్టేదనీ, ఇప్పటికే వీసా ఉన్నవారికి వర్తించదనీ మర్నాడే శ్వేతసౌధం వివరణ ఇచ్చింది. ఆ శుక్రవారం రాత్రి కొన్ని పెద్ద కంపెనీలే ఉద్యోగులను వెంటనే తిరిగి రమ్మన్నాయి కనుక, భయపడినవారిని నేను తప్పుపట్టను. అయితే నోటి మాట, ప్రకటన పాఠం, ప్రభుత్వ సంస్థ ఇచ్చే మార్గదర్శకం మూడూ వేర్వేరని, వాటిలో మనకు లెక్కకు వచ్చేవి చివరి రెండేనని తెలిసినవారికి ఆ భయం ఒక్క రోజులో సర్దుకుంది. నిశ్శబ్దంగా వచ్చే మార్పులే ఎక్కువ నష్టం చేస్తాయి. 2025 ఆగస్టు 15 తర్వాత వేసే గ్రీన్ కార్డు దరఖాస్తులకు, 21 ఏళ్లు నిండితే తల్లిదండ్రులతో పాటు గ్రీన్ కార్డు పొందే అర్హత పోయే పిల్లల వయసు లెక్కను, గ్రీన్ కార్డుల వరుస ఎంతవరకు వచ్చిందో చెప్పే వీసా బులెటిన్‌లోని ఫైనల్ యాక్షన్ తేదీల పట్టిక ప్రకారమే కడుతున్నారు. అంతకుముందు వాడిన పట్టిక పిల్లలకు మరింత అనుకూలం. అదే ఏడాది అక్టోబరు 30 నుంచి, చాలా రకాల ఈఏడీల (పని అనుమతి కార్డుల) పునరుద్ధరణ దరఖాస్తులకు అంతవరకు దొరికిన ఆటోమేటిక్ పొడిగింపు పోయింది. ఈ రెంటికీ కాంగ్రెసులో కొత్త చట్టమేమీ అవసరం కాలేదు.

అసలు దోషం చట్టానిదే కదా అని కొందరు మిత్రులు వాదిస్తారు. ఏటా దాదాపు 1,40,000 ఉద్యోగ ఆధారిత గ్రీన్ కార్డులు, అందులో ఏ ఒక్క దేశానికీ సాధారణంగా 7 శాతానికి మించకూడదన్న పరిమితి, దాని వెనుక దశాబ్దాల నిరీక్షణ: ఇది అన్యాయమే. దీనిమీద ప్రజాప్రతినిధులను కలవడం, లేఖలు రాయడం మానకూడదు. కానీ ఆ పరిమితి రేపే రద్దయినా, ముగిసిపోయిన ఐ-94ను అది వెనక్కి తీసుకురాదు.

మన సంఘాల మహాసభల్లో ఇమిగ్రేషన్ లాయరు ప్రసంగానికి ఒక మూల గదిలో గంట సమయం ఇచ్చి, ఆ గంటలోనే ప్రధాన వేదిక మీద సినీతారను పరిచయం చేయడం మనకు అలవాటైపోయింది. ఆ గంట బదులు, మూడు రోజులూ తెరిచి ఉండే ఒక బల్ల పెట్టమని నా విన్నపం. అక్కడ కుటుంబంలో ప్రతి ఒక్కరి ఐ-94ను వాళ్ల ఫోనులోనే దించుకోవడం చూపించవచ్చు, పాస్‌పోర్టు తేదీతో సరిచూసుకోమనవచ్చు, ఇల్లు మారిన 10 రోజుల్లో చిరునామా మార్పు ఫారం ఏఆర్-11 వేశారా అని అడగవచ్చు. బల్ల దగ్గర కూర్చునే కార్యకర్తలు తేదీలు చదవడం వరకే పరిమితం కావాలి. ఏం చేయాలో చెప్పే అర్హత లైసెన్సు ఉన్న లాయరుకు, ప్రభుత్వ గుర్తింపు పొందిన ప్రతినిధికి తప్ప మరెవరికీ లేదు, ఆ చనువు మనవాళ్లు త్వరగా తీసుకుంటారు కూడా. వచ్చినవారి పేరు రాసుకోకూడదు, ఏ కాగితం ప్రతీ సంఘం దగ్గర ఉంచుకోకూడదు. ఆ హామీని బల్ల మీద పెద్ద అక్షరాలతో రాసిపెడితే తప్ప, నిజంగా అవసరమున్నవాళ్లు ఆ దరిదాపులకు రారు.